బడి కంచంలో పప్పు యెంత?

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిని కూర్చున్నా లోటు లేదని సామెత. పెళ్ళి పందిళ్ళలో యీ సామెత యెంత నిజమో పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. అయితే పెళ్ళీ పేరంటమూ లేకుండానే, బడి నడిచే ప్రతి మధ్యాహ్నమూ మన నాందేడు జిల్లాలో వేలమంది పసిపిల్లలు బంతులు తీర్చి కూర్చుంటున్నారు. ఆ బంతిలో వడ్డించేవారెవరు, గరిటెలోకి వచ్చేది యేమిటి, రావలసినది యెంత అన్న సంగతి మనలో బహు కొద్దిమందికే తెలుసు. నాకూ మొన్న మొన్నటిదాకా తెలియదు. తెలిసిన తరువాత వూరకుండలేక యీ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

కిందటి చలికాలంలో బంధువుల యింటి శుభకార్యానికి బిలోలి తాలూకాలోని వొక పల్లెకు వెళ్ళాను. ముహూర్తం సాయంత్రానికి గాని లేదు. పొద్దుపోక వూళ్ళోని ప్రాథమిక పాఠశాల వైపు నడిచాను. అప్పుడే మధ్యాహ్నపు గంట కొట్టినారు. పిల్లలు కంచాలు పట్టుకొని వరండాలో బారుగా కూర్చున్నారు. ఆనాటి హాజరు అరవైమంది. గుండిగలో పసుపుపచ్చని ఖిచిడీ పొగలు కక్కుతూ వున్నది. చూపుకు ముచ్చటగా వున్నది, వాసనా బాగానే వున్నది. కాని గరిటె దిగినచోట చూస్తే అన్నీ మెతుకులే. పప్పు బద్ద వెతికితే గాని కనబడదు. కూర అనగా నాలుగు బంగాళాదుంపలు, రెండు మూడు టొమాటోలు. అరవైమందికీ అంతే.

వంట చేసే ఆమె మొదట నన్ను ఎవరో అధికారి అనుకొని "సర్, బసా" అని మరాఠీలో మర్యాద చేసింది. నా నోట తెలుగు మాట వినగానే ఆమె ముఖం విప్పారింది. "మనోళ్ళేనా! కూసో అన్నా" అని పీట వేసింది. ఆమె తాతలనాడే వచ్చి యిక్కడ స్థిరపడిన కుటుంబం. ఖిచిడీలో పప్పు యింత పలచన యేమమ్మా అని అడిగాను. ఆ నెల పప్పు యింకా రాలేదట. పాతది కాస్త మిగిలితే రోజుకు గుప్పెడు చొప్పున సర్దుతూ వున్నదట. ఆమె దాచుకోలేదు, సంకోచపడనూ లేదు.

"బియ్యం తక్కువైతే పోరలు అడుగుతరన్నా. పప్పు తక్కువైతే ఎవ్వలడుగుతరు?" అన్నది.

చదువుకున్న పండితులు పెద్ద గ్రంథంలో చెప్పవలసిన విషయాన్ని ఆమె రెండు ముక్కలలో చెప్పివేసింది. ఆకలికి నోరున్నది. పోషణ లోపానికి నోరు లేదు. కడుపు నిండిన పిల్లవాడు కంచం కడుక్కొని ఆటకు పరుగెత్తుతాడు. వాడికి రావలసినది వొకటి రాలేదని వాడికి తెలియదు, వాడి తల్లికి తెలియదు. యేళ్ళు గడిచిన తరువాత యెదగని యెముకలు, పాలిపోయిన కనురెప్పలు మాత్రం ఆ సంగతి చెబుతవి. అప్పటికి చేతులు కాలిపోయి వుంటవి.

లెక్క యేమి చెబుతున్నది?

మన దేశంలో బడి భోజనానికి నియమించిన కొలత వొకటి వున్నది. వొకటి నుండి అయిదవ తరగతి వరకు చదివే ప్రతి బిడ్డకూ రోజుకు 100 గ్రాముల బియ్యం లేక గోధుమ, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె. ఆరు నుండి యెనిమిది వరకు 150 గ్రాముల ధాన్యం, 30 గ్రాముల పప్పు, 75 గ్రాముల కూరగాయలు, ఏడున్నర గ్రాముల నూనె. చిన్నవారికి యీ భోజనం వల్ల 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. పెద్దవారికి 700 కేలరీలు, 20 గ్రాములు.

గృహిణులు యీ లెక్కను వొక్క నిమిషం పరిశీలింతురు గాక. వంద గ్రాముల బియ్యంలో యించుమించు 350 కేలరీలు వుంటవి. నూనె వల్ల మరొక 45. అంటే పప్పూ కూరా బొత్తిగా లేకపోయినా 400 దాకా వచ్చినట్లే. కడుపు నిండుతుంది. ఇక మాంసకృత్తులు చూడండి. బియ్యంలో 7 లేక 8 గ్రాములు. ఇరవై గ్రాముల కందిపప్పులో 4 లేక 5. యీ రెండూ కలిస్తే గాని పన్నెండు కాదు. పప్పు మానితే శక్తిలో పోయేది కొద్దిగా. కండ పెట్టే సారంలో పోయేది మూడవ వంతు! అంతే కాదు. బియ్యంలో లైసీన్ అనే ముఖ్య పదార్థం తక్కువ. పప్పులో అది సమృద్ధిగా వున్నది. మన అమ్మమ్మలు రసాయన శాస్త్రం చదవకుండానే పప్పన్నం కలిపి పెట్టినది వూరకనే కాదు.

అరవైమంది చిన్నపిల్లలున్న బడికి రోజుకు కావలసినది 6 కిలోల బియ్యం, 1 కిలో 200 గ్రాముల పప్పు, 3 కిలోల కూరగాయలు, 300 గ్రాముల నూనె. యీ నాలుగు అంకెలూ గుర్తు పెట్టుకుంటే చాలు. ఏ తల్లి అయినా, ఏ తాత అయినా వంటగది గడప దగ్గర నిలబడి రెండు నిమిషాలలో చూడగల సంగతి యిది. మూడు కిలోల కూరగాయలంటే పెద్ద గంపలో కనబడవలసినంత. నాలుగు బంగాళాదుంపలు కావు.

ఇందుకు డబ్బు యెక్కడిది అని అడుగవచ్చును. ధాన్యం కేంద్ర ప్రభుత్వం వుచితంగా యిస్తున్నది. తక్కిన సరుకులకు, వంటచెరకుకు చిన్న తరగతులలో బిడ్డకు రోజుకు రూ. 6.78, పై తరగతులలో రూ. 10.17 అని 2025 మే 1 నుండి నిర్ణయించినారు. యీ ఖర్చును మహారాష్ట్ర వంటి రాష్ట్రాలలో కేంద్రం అరవై, రాష్ట్రం నలభై పాళ్ళుగా భరిస్తవి. ఆరు రూపాయల డెబ్బది యెనిమిది పైసలు! బస్‌స్టాండు దగ్గర వొక కప్పు టీ కూడా రాదు. అందులోనే పప్పు, కూర, నూనె, ఉప్పు, కారం, గ్యాసు. యీ సన్నని తాడు మీద నడిచే కార్యక్రమంలో సరుకు వొక వారం ఆలస్యమైతే మొదట మాయమయ్యేది యేదో పాఠకులే వూహించుకోగలరు.

యీ బంతి వెనుక కథ

బడిలో అన్నం పెట్టే ఆలోచన నిన్న పుట్టినది కాదు. 1920లో మద్రాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పిల్లలకు ఫలహారం పెట్టడానికి తీర్మానించింది. పిల్లవాడికి రోజుకు వొక అణాకు మించరాదని కట్టడి. ఆనాడు ఆ సంస్థ అధ్యక్షులు పిట్టి త్యాగరాయ చెట్టిగారు. ఆయన తెలుగు మాతృభాషగా గల దేవాంగ కుటుంబంలో పుట్టినవారు. మగ్గం మీద బ్రతికిన కుటుంబాలు మన నాందేడు తెలుగువారిలోనూ యెన్నో వున్నవి గదా; యీ సంగతి మనకు గర్వకారణమే. తరువాత 1956లో కామరాజుగారు మద్రాసు రాష్ట్రమంతటా బడి భోజనం మొదలుపెట్టినారు. 1982లో రామచంద్రన్‌గారు దానిని విస్తరించినారు.

దేశమంతటికీ వర్తించే కార్యక్రమం 1995 ఆగస్టు 15న ఆరంభమైనది. కాని మన మహారాష్ట్రలో, యింకా యెన్నో రాష్ట్రాలలో అప్పుడు వండి పెట్టేవారు కారు. హాజరు సరిగా వున్న బిడ్డకు నెలకు 3 కిలోల బియ్యం యిచ్చేవారు. బిడ్డ సంచీ పట్టుకొని యింటికి తెచ్చేది. ఆ బియ్యం యింటిల్లిపాదికీ రెండు పూటల కూడు. బిడ్డ వంతు యెంత అని యే తల్లి లెక్క కట్టగలదు? 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వొక ఉత్తరువు యిచ్చింది. వండిన వేడి భోజనమే పెట్టాలి, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలి అని శాసించింది. అక్కడి నుండి గుండిగలు పొయ్యి యెక్కినవి. 2013 ఆహార భద్రతా చట్టంతో అది పిల్లల హక్కు అయినది. 2021 సెప్టెంబరు నుండి యీ కార్యక్రమానికి పి. ఎం. పోషణ్ అని పేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దీనికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. కోనసీమ లంకల గన్నవరంలో వేళ గాని వేళ వచ్చినవారికి కూడా అన్నం పెట్టి 1909లో కన్నుమూసిన ఆ తల్లి పేరు బడి కంచానికి తగినదే.

మన నాందేడులో సహపంక్తి భోజనం సంగతి వేరుగా చెప్పవలసిన పని లేదు. 1708లో గురు గోవింద సింగుగారు పరమపదించిన హుజూర్ సాహెబ్‌లో లంగరు నడుస్తున్నది. కోటీశ్వరుడూ కూలివాడూ వొకే బారున నేలమీద కూర్చుంటారు. మనలో ఆ రొట్టె, ఆ పప్పు తినని వారుండరు. అక్కడ వొక విషయం గమనించినారా? లంగరు పప్పు యెన్నడూ పలచన కాదు. వడ్డించేవారు తామే పెట్టుతున్నామనుకుంటారు గాని, యెవరో పెట్టుమంటే పెట్టుతున్నామనుకోరు. తేడా అంతా అక్కడే వున్నది.

జొన్నరొట్టె నేర్పిన పాఠం

మన ప్రాంతంలో బియ్యం తరువాత వచ్చినది. జొన్న ముందునుంచీ వున్నది. భాకరి, అంబాడి కూర (మనం గోంగూర అనేదే), పిఠ్ల, పచ్చిమిరప ఠేచా తిని పొలం పనులు చేసిన తరాలు మనవి. ఆ తిండి మేలైనదని యిప్పుడు అందరూ అంటున్నారు. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరిపింది. ఆ మాట నిజమే. కాని దానితోపాటు మరొక నిజం కూడా తెలుసుకోవాలి.

1918లో కూనూరులో చిన్న పరిశోధనగా మొదలై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలివచ్చిన సంస్థ వొకటి వున్నది. 1969 నుండి దాని పేరు జాతీయ పోషకాహార సంస్థ. అక్కడి శాస్త్రజ్ఞులు గోపాలన్, శ్రీకంఠయ్య అనువారు దక్కను పీఠభూమిలోని బీదవారిలో పెల్లగ్రా అనే చర్మవ్యాధిని పరిశీలించినారు. రోగులు ముఖ్యంగా జొన్న తిని బ్రతికేవారని, జొన్నలో లూసీన్ అనే పదార్థం అధికంగా వుండడం యీ వ్యాధికి తోడ్పడుతున్నదని 1960లో ప్రకటించినారు. దీనివల్ల జొన్న చెడ్డదని అర్థం చేసుకోరాదు. పప్పు, ఆకుకూర, పాలు, మజ్జిగతో కలిపి జొన్న తిన్నవారికి ఏ బాధా లేదు. రొట్టె తప్ప మరేదీ దొరకని వారికే ఆ జబ్బు. తప్పు జొన్నరొట్టెది కాదు. రొట్టె పక్కన ఖాళీగా వున్న గిన్నెది.

యీ పాఠం బడి ఖిచిడీకి అక్షరాలా వర్తిస్తుంది. బియ్యం మంచిదే. కాని ఒంటరి బియ్యం పిల్లలకు చాలదు. 2019 నుండి 2021 వరకు జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మహారాష్ట్రలో అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 35 మంది వయసుకు తగిన యెత్తు లేరు, 36 మంది తగిన బరువు లేరు. ఆరు నెలలు నిండి అయిదేండ్ల లోపు వున్న పిల్లలలో నూటికి 69 మందికి రక్తహీనత. వీరే రేపు వొకటవ తరగతికి వచ్చేవారు. బడి గడప తొక్కేనాటికే సగం బాకీతో వస్తున్న పిల్లలకు మధ్యాహ్నపు కంచం కూడా బాకీ పడితే యెట్లా?

గ్రుడ్డు తగాదా

మహారాష్ట్ర ప్రభుత్వం 2023 నవంబరులో వారానికి వొక రోజు గ్రుడ్డు పెట్టాలని నిశ్చయించింది. గ్రుడ్డు తినని పిల్లలకు అరటిపండు. 2024 జూన్‌లో వంటల పట్టికను మార్చి, మొలకెత్తిన మటకీ ఉసళ్, మునగకాయ వేసిన పెసరపప్పు అన్నం, రాగి జావ వంటివి చేర్చినారు. పిల్లలకు నోరూరించే పట్టికే. కాని 2025 జనవరిలో గ్రుడ్డుకు ప్రభుత్వం డబ్బు యిచ్చుట మానింది. కావలసిన బడులు లోకుల చందాలతో పెట్టుకోవచ్చునన్నారు.

గ్రుడ్డు తినవచ్చునా కూడదా అనే వాదం యిక్కడ నాకు అక్కరలేదు. మన యిండ్లలోనే తినేవారూ వున్నారు, ముట్టనివారూ వున్నారు. యిద్దరూ వొకే వాకిట బతుకమ్మ పేర్చుకుంటున్నారు. నేను చెప్పేది వేరు. వొక గ్రుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులున్నవి. అవి బిడ్డ కంచం నుండి తీసివేసినప్పుడు వాటి చోట మరేదైనా పెట్టాలి గదా. గ్రుడ్డు వద్దన్నవారు వేరుశనగ పెట్టండి, శనగలు పెట్టండి, పెరుగు పెట్టండి. పెట్టకుండా వద్దనుట మాత్రం ధర్మం కాదు. మన అర్ధాపూరు అరటికి పేరున్నది, పండు మంచిదే. కాని అరటిపండులో మాంసకృత్తులు వొక గ్రాముకు అటూ యిటూ. పండు పండే, గ్రుడ్డుకు బదులు కాదు.

పొయ్యి దగ్గరి మనిషి

యింత పెద్ద కార్యక్రమం చివరకు వొక స్త్రీ చేతి మీద ఆధారపడి వున్నది. పాతికమంది పిల్లల దాకా వొక వంటమనిషి, వందమంది దాకా యిద్దరు, ఆపైన ప్రతి వందకూ మరొకరు అని నియమం. వీరికి కేంద్రం 2009లో నెలకు వెయ్యి రూపాయల గౌరవవేతనం, అదీ సంవత్సరానికి పది మాసాలకే నిర్ణయించింది. మహారాష్ట్ర తన వంతు కలిపి 2023లో దానిని రెండువేల అయిదువందలు చేసింది. అరవైమందికి వండి, వడ్డించి, అంట్లు తోమే పనికి యిది చాలునా అని పాఠకులు తమ యింటి లెక్కతో పోల్చి చూసుకోవాలి. బిలోలి తాలూకాలో నేను చూసిన ఆ తల్లి తన యింటి కొత్తిమీర తెచ్చి ఖిచిడీలో వేస్తున్నది. ఆమెను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు.

శుభ్రత విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లా గండామన్ గ్రామపు బడిలో భోజనం చేసిన పిల్లలలో 23 మంది మరణించినారు. వంటనూనెలో పురుగుమందు కలిసినది. పొలాలకు చల్లే మందు డబ్బాలు మన పల్లెలలో యేయింట చూసినా వుంటవి. మందు డబ్బాలో నూనె పోయడం, నూనె డబ్బాలో మందు పోయడం యెంత సులభమో ఆలోచించండి. అందుకే పిల్లలకు వడ్డించక ముందు వొక ఉపాధ్యాయుడు రుచి చూచి పుస్తకంలో వ్రాయాలనే నియమం. ఆ పుస్తకం ముప్పై రోజులవీ వొకేసారి వ్రాసి వుంచితే అది కాగితం. ప్రతి రోజూ వొక ముద్ద తిని వ్రాస్తే అది కాపలా.

మన యింటి డబ్బా సంగతి

ఇంతదాకా చదివి, మా పిల్లలు ఆ బడికి పోరు గదా అని కొందరు పుట తిప్పబోతారు. వారికోసమే యీ భాగం. ఆ పల్లె నుండి తిరిగి వచ్చిన మరునాడు నా మనుమడి టిఫిను డబ్బా తెరిచి చూశాను. వాడు నాందేడులో పెద్ద ఫీజు కట్టే బడికి పోతాడు. డబ్బాలో రెండు క్రీము బిస్కెట్లు, గుప్పెడు చిప్సు, తినకుండా మిగిల్చిన జాము పూసిన వొక బ్రెడ్డు ముక్క. నా కోడలు మంచి పిల్ల. పొద్దున్నే తానూ ఉద్యోగానికి పరుగెత్తవలసినదే. తప్పు యెవరిదని కాదు. కాని గ్రాముల లెక్క వేస్తే నా మనుమడి డబ్బా కన్న బిలోలి తాలూకా ఖిచిడీయే నయం! బీదవాడి బిడ్డకు పప్పు రాలేదు. కలిగినవాడి బిడ్డకు పప్పు పెట్టలేదు. ఇద్దరి వొంటికీ అందనిది వొకటే.

బడి గేటుకు 50 మీటర్ల లోపల అధికమైన కొవ్వు, చక్కెర, ఉప్పు గల తినుబండారాలు అమ్మరాదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లో నిబంధన చేసింది. ఏ వస్తువులో యెంత చక్కెర వున్నదో పిల్లలకు తెలిసేటట్లు బడులలో పలకలు కట్టాలని 2025 మే నెలలో సి. బి. ఎస్. ఇ. తన పాఠశాలలకు చెప్పింది. మంచిదే. కాని గేటు దగ్గర బండి లేకుండా చేసి, డబ్బాలో అదే వస్తువును మనమే కట్టి పంపితే ఆ నిబంధన యెవరికోసం?

పని తొందరలో వున్న గృహిణులకు వొక ఉపాయం చెబుతాను. హైదరాబాదు పోషకాహార సంస్థవారు చెప్పిన మిశ్రమం వొకటి వున్నది. దానికి హైదరాబాద్ మిక్స్ అని పేరు. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, వేరుశనగపప్పు 10, బెల్లం 20. మొదటి మూడింటినీ వేర్వేరుగా దోరగా వేయించి పొడి కొట్టి, బెల్లం కలుపుకోవాలి. యీ 86 గ్రాములలో 330 కేలరీల శక్తి, 11 గ్రాముల మాంసకృత్తులున్నవి. కాస్త నెయ్యి తగిలించి వుండలు చుడితే పిల్లలు మారుమాట లేకుండా తింటారు. ఆదివారం నాడు చేసి డబ్బాలో పోసుకుంటే వారమంతా వస్తుంది. భోజనంలో ఆకుకూర వున్ననాడు నిమ్మకాయ పిండండి. అందులోని ఇనుము బాగా వొంటపడుతుంది. అన్నం తిన్న వెంటనే పిల్లలకు టీ యివ్వకండి. వచ్చిన ఇనుమును అది పోగొడుతుంది.

మనము చేయగలది

ప్రభుత్వ పాఠశాలలలో నిర్వహణ సంఘం వుండాలని 2009 విద్యాహక్కు చట్టం చెబుతున్నది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది స్త్రీలే. మన పల్లె బంధువులు యెందరో ఆ సంఘాలలో పేరుకు సభ్యులు. సంతకం పెట్టి రావడం కాకుండా, వంట రోజున పోయి ఆ నాలుగు అంకెలూ అడగమని వారికి చెప్పండి. పోట్లాడనక్కరలేదు. అడిగేవారు వున్నారని తెలిస్తేనే సగం పని జరుగుతుంది. పప్పు రాకపోతే కాగితం మీద వ్రాసి పైవారికి పంపించండి. వంటమనిషి వొక్కతే ఆ నింద మోయకూడదు.

తిథి భోజనమని వొక పద్ధతి వున్నది. పుట్టినరోజుకో, పెద్దల తిథికో, పండుగకో యెవరైనా బడి పిల్లలకు భోజనంలో వొక వస్తువు అదనంగా పెట్టవచ్చును. ప్రభుత్వం పెట్టేదానికి అది తోడు, బదులు కాదు. మన సంఘంలో మార్కండేయ జయంతికి, పెళ్ళిళ్ళకు ఖర్చు యెంత అవుతున్నదో అందరికీ తెలుసు. అందులో పదవ వంతు బడి వైపు మళ్ళించితే యెన్ని కంచాలు నిండుతవి! కాని మిత్రులకు వొక మనవి. తిథి భోజనమంటే జిలేబీ పంచడమని అనుకోకండి. తీపి వొక్క పూట ముచ్చట. పల్లీపట్టీ పెట్టండి, ఉడికించిన శనగలు పెట్టండి, తినేవారికి గ్రుడ్డు పెట్టండి. యెన్ని కిలోల పప్పు కొంటే యెన్ని రోజులు వస్తుందో హెడ్‌మాస్టరుగారిని అడిగి సరుకే యివ్వండి. వీలైతే బడి ఆవరణలో నాలుగు మునగ కొమ్మలు నాటించండి. మరాఠీ వారు పరసబాగ్ అనే పెరటి తోట యిదే. మునగ నీళ్ళు పెద్దగా అడగదు. ఆకూ కాయా రెండూ యిస్తుంది.

చివరకు వొక్క మాట. మన తాతలు యీ వూరు వచ్చిన కాలంలో యిది నిజాం రాజ్యం. 1956లో మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో చేరింది, 1960లో మహారాష్ట్ర అయినది. మనం కదలలేదు, సరిహద్దులే కదిలినవి. వచ్చిన ప్రతి తరాన్నీ యీ గోదావరి గడ్డ అన్నం పెట్టి నిలబెట్టింది. ఆనాడు మనము కడబంతిని కూర్చున్నవారము. ఈనాడు మనలో అనేకులు గరిటె పట్టే స్థితికి వచ్చినారు. బడి బంతిలో కూర్చున్న పిల్లలలో తెలుగు యింటివారు వున్నారు, మరాఠీ యింటివారు వున్నారు, బంజారా తండాలవారు వున్నారు. వడ్డించేవాడు మనవాడైతే లోటు లేదన్న సామెత నిజమే. కాని ఆ బంతిలో మనవాళ్ళు యెవరని అడిగితే, కంచం పట్టుకున్న ప్రతి బిడ్డా అని చెప్పగలిగిననాడే ఆ సామెతకు గౌరవం.

కార్యం ముగించుకొని తిరిగి వచ్చేటప్పుడు ఆ బడి ముందుగానే వచ్చాను. తాళం వేసి వున్నది. వరండా అంచున కడిగి బోర్లించిన గుండిగ కనబడింది. మరునెల ఆ వూరి బంధువుకు ఫోను చేసి, శుభాకాంక్షల కన్న ముందు, పప్పు వచ్చిందా అని అడిగాను. వచ్చిందన్నాడు. యెంత వచ్చిందని అడిగాను. కనుక్కొని చెబుతానన్నాడు. అంతకు ముందు ఆ మాట అతడిని యెవరూ అడిగి వుండలేదు.